జల్లెడ పట్టిన ఇసుక

ఇసుకని మూడుసార్లు జల్లెడ పడతానంటే అందరూ నవ్వేవాళ్ళు. మొదట తాపీ మేస్త్రీలు వాడే పెద్ద జల్లెడ, తర్వాత దానికన్నా సన్నది, ఆఖరున ఇంట్లో పిండి జల్లించుకునేది. ఒకరోజు మా అత్తగారు పిండి జల్లెడ కోసం వంటిల్లంతా వెతికి, చివరికి నా బడి సంచిలో చూసి, "నువ్వు పాఠాలు చెప్పడానికి పోతున్నావా, తాపీ పనికా?" అన్నారు. జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేదాకా ఆ జల్లెడ నా ఒళ్ళోనే ఉండేది. పక్కన కూర్చున్నవాళ్ళు ఏమనుకున్నారో నాకనవసరం.

నందిగామలో ఆ ప్లే స్కూలు నా స్నేహితురాలిదీ, నాదీ. కాగితాల మీద దానిదే. ఇల్లు వాళ్ళది, కింది భాగంలో బడి, పైన కొత్తగా కడుతున్న అంతస్తు. ఆలోచన మాత్రం నాది. డిగ్రీలో మూడేళ్ళు ఒకే బెంచీ మాది. నా పెళ్ళికి జడ వేసింది అది, దాని కాన్పుకి ఆసుపత్రిలో పక్కన కూర్చున్నది నేను. "ఏమే" అంటే "ఏమిటే" అనుకునే చనువు. అందుకే ఇక్కడ కూడా దాన్ని "అది" అనే రాస్తున్నా. కోపంతో కాదు. కోపముంటే "ఆవిడ" అని రాసేదాన్ని.

బడి పెరట్లో మంచమంత చోట నాలుగు వైపులా ఇటుకలు పేర్చి ఇసుక పోయించాం. పక్కనే రెండు వెడల్పాటి టబ్బుల్లో నీళ్ళు. కొబ్బరి చిప్పలు, గరాటు, టీ వడపోసే జాలి, పాత స్టీలు గ్లాసులు, ఇవే ఆటవస్తువులు. ఇసుక కీసర నుంచి మా చిన్నాన్న పంపించాడు, మున్నేటి ఇసుక. దాన్ని జల్లెడ పట్టి, గుల్లలూ రాళ్ళూ ఏరి, బకెట్లలో నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, పాత చీరల మీద ఆరబోసి, అప్పుడు పోశా. ఇరవై రోజులు పట్టింది. పిల్లులు రాకుండా సాయంత్రం పట్టా కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి మరీ ఇంటికెళ్ళేదాన్ని.

గేటు మీద ఫ్లెక్సీలో "సెన్సరీ ప్లే" అని బడి పేరు కన్నా పెద్ద అక్షరాలతో రాయించింది అది. చేత్తో తాకి, తడిమి నేర్చుకునే ఆట అని చేరిన తల్లుల్లో ఒక్కరికీ తెలీదు. వారం తిరక్కుండా మొదలుపెట్టారు. తలలో ఇసుకండీ, చెవిలో ఇసుకండీ, మా వాడు నీళ్ళలో తడిసి తుమ్ముతున్నాడండీ. "ఇసుకలో ఆడుకోవడానికి బడెందుకండీ, మా వీధిలో లేదా ఇసుక?" అని ఒకావిడ మొహం మీదే అడిగేసింది. ఆ రోజు నా వెనక నిలబడింది నా స్నేహితురాలే. "మా టీచర్ మూడుసార్లు జల్లెడ పట్టిన ఇసుకండీ, మీ పిండి కూడా అంత శుభ్రంగా ఉండదు" అంది. ఆవిడ మళ్ళీ నోరెత్తలేదు. దాన్ని అక్కడికక్కడ ముద్దు పెట్టుకోవాలనిపించింది నాకు.

ఆ జూన్‌లోనే ఒక పాప చేరింది. నాలుగేళ్ళుంటాయి. బజారులో వాళ్ళకి కిరాణా కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. రోజూ నాయనమ్మ తీసుకొచ్చేది. పిల్ల కుడి చెయ్యి ఎప్పుడూ గౌను జేబులోనే ఉండేది. మూడోరోజు నాయనమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. రెండేళ్ళప్పుడు వేడి గంజి గిన్నెలో చెయ్యి పెట్టిందట. గంజి వార్చి, గిన్నె కిందపెట్టి, ఉప్పు కోసం లేచింది ఆ నాయనమ్మే.

"ఉప్పు కోసం లేచానమ్మాయ్. అంతే" అంది. ఆ మాట ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పుకుందో.

కాలిన చోట కొత్త చర్మమైతే వచ్చింది గానీ బిగుసుకుపోయింది. మూడు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకున్నాయి. ఆర్నెల్లు మెత్తటి ఇసుకలో, నీళ్ళలో రోజూ వేళ్ళు ఆడించండి, తెరుచుకుంటే సరే, లేకపోతే కోత తప్పదు అన్నాడట విజయవాడ డాక్టరు. ఇంట్లో నూనె రాసి వేళ్ళు సాగదీయబోతే పిల్ల వీధి వీధంతా వినపడేలా ఏడుస్తోంది. అన్నం ఎడం చేత్తో తింటోంది. పేరంటానికి తీసుకెళ్తే అక్కడెవరో "అయ్యో, ఎడం చెయ్యా?" అన్నారట, అప్పట్నుంచి నలుగురిలో కూర్చుని తినడమే మానేసింది. "కుడి చేత్తో అన్నం కలుపుకుని తింటే చాలమ్మాయ్, నాకింకేం వద్దు" అంది నాయనమ్మ. ఆ పిల్ల వేళ్ళని తను మాత్రం ముట్టుకునేది కాదు. భయం.

నేనూ ముట్టుకోలేదు. ఇసుక దగ్గర వదిలేశా. పది రోజులు ఎడం చేత్తోనే ఆడింది. ఒకరోజు పిల్లలంతా కాళ్ళ మీద తడి ఇసుక దట్టించి పిచ్చుక గూళ్ళు కట్టుకుంటున్నారు. ఈ పిల్ల అటూ ఇటూ చూసి, కుడి చెయ్యి జేబులోంచి తీసి, గబుక్కున ఇసుకలో దూర్చేసి, పైన ఎడం చేత్తో కప్పేసింది. చెయ్యి దాచుకోడానికి జేబు కన్నా మంచి చోటు దొరికిందన్నమాట. ఎవరికీ కనపడదు, ఎవరూ అడగరు. నేను నీళ్ళ టబ్బు సర్దుతున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తున్నా. కాసేపటికి పైన ఇసుక మీద సన్నగా బీట పడింది. లోపల వేళ్ళు కదులుతున్నాయి.

అప్పట్నుంచి రోజూ అదే ఆట. ఎంత లోతుకి పోతే అంత సంతోషం ఆ పిల్లకి, మోచేతి దాకా దూర్చేది. చెప్పొద్దూ, నాకా జూలై, ఆగస్టు నెలల్లో కాళ్ళు నేల మీద ఆనలేదు. దసరా సెలవులు దగ్గరపడేసరికి ఒక వేలు పూర్తిగా తెరుచుకుంది, రెండోది ముప్పాతిక వంతు వచ్చింది. కుడి చేత్తో కొబ్బరి చిప్ప పట్టుకుని ఇసుక తోడుతోంది. సెలవుల ముందురోజు నాయనమ్మ గేటు దగ్గరే ఆగి రెండు వేళ్ళు చూపించింది. "రెండు ముద్దలమ్మాయ్. పప్పూ అన్నం, కుడి చేత్తో." ఇద్దరం గేటుకి చెరో వైపూ నిలబడి కళ్ళు తుడుచుకున్నాం. నా స్నేహితురాలు కూడా అక్కడే ఉంది. అదీ తుడుచుకుంది. ఇది ఎందుకు రాస్తున్నానంటే, అది రాయి కాదు. అన్నీ తెలుసు దానికి.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజు ఆ పిల్ల సంచి కూడా దించకుండా పెరట్లోకి పరిగెత్తింది. పట్టా తీశా. ఇసుక ఎప్పటిలాగే ఉంది, పైన చదునుగా. పిల్ల చెయ్యి దూర్చింది. మణికట్టు దాటాక ఆగింది.

"గుచ్చుకుంటోంది టీచర్."

"ఏం కాదమ్మా, పది రోజులు మానేశావుగా, కొత్తగా ఉంటుంది. ఇంకొంచెం లోపలికి పెట్టు" అని నేనే పైన ఇసుక కప్పి, అరచేత్తో అదిమా.

నా మొహంలోకి చూసింది. నేను నవ్వా. నా నవ్వు చూసి ఇంకొంచెం లోపలికి పెట్టింది.

ఆ తర్వాత చెయ్యి బయటికి లాక్కుంది. కొత్త చర్మం పల్చన, ఉల్లిపొర లాంటిది. దాని మీద గీతలు పడి, సూదిమొనలంత రక్తపు చుక్కలు వరసగా పొంగాయి. గాజుపెంకేదో ఉందనుకుని గబగబా తవ్వా. నాలుగు వేళ్ళ మందాన మా ఇసుక. దాని కింద అడుగుదాకా బూడిద రంగుది, గరుగ్గా, మొనలు మొనలుగా ఉన్నది. రోబో ఇసుక. పరిటాల వైపు క్రషర్లలో రాళ్ళు పగలగొట్టి చేస్తారే, అది. స్లాబుల్లోకి పనికొస్తుంది, పిల్లల చేతుల్లోకి కాదు. పిల్ల ఏడవలేదు. చెయ్యి మళ్ళీ జేబులో పెట్టేసుకుంది. ఏడ్చినా బావుండేది.

ఆఫీసు గదిలోకి పరిగెత్తి అడిగా. "పిల్లులే" అంది నా స్నేహితురాలు. "సెలవుల్లో పట్టా లేచిపోయింది. నానా గలీజు చేసిపెట్టాయి. పిల్లలకి రోగాలొస్తాయని మొత్తం తీయించి పారేయించా. మున్నేటి నిండా నీళ్ళు, మంచి ఇసుక ఎక్కడా దొరకలా. నీకు చెప్తే బాధపడతావని చెప్పలా." చెప్తూ నా భుజం మీద చెయ్యి కూడా వేసింది.

నేనేం చేశాననుకుంటున్నారు? "మంచి పని చేశావే" అన్నా. నా మొహం. పారేయించిన ఇసుక పైన నాలుగు వేళ్ళ మందాన ఎక్కణ్ణించి వచ్చి పడిందని ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఇరవై ఏళ్ళ స్నేహమంటే అదేనేమో, లెక్క సరిపోకపోయినా ఎదుటివాళ్ళ మాటే సరిగ్గా వినపడుతుంది. ఆ గదిలోంచి బయటికొచ్చి, పిల్లలెవరూ అటు పోకుండా ఇసుక మీద పట్టా కప్పేశా.

ఆ రోజు పాపని గేటు దగ్గర నాయనమ్మకి అప్పజెప్పింది నా స్నేహితురాలే. మర్నాటి నుంచి పాప బడికి రాలేదు. చెయ్యి మానేదాకా ఆగుతున్నారేమో, నేనే వెళ్ళి చూడాలి అనుకుంటూనే వారం గడిచింది. శుక్రవారం మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టాక, పైన గదులకి రంగు ఏది బావుంటుందో చూసి చెప్పవే అని అది నన్ను మేడ మీదకి పంపింది. ముందు గదిలో మేస్త్రీ గోడలకి నీళ్ళు కొడుతున్నాడు. పెద్దాయన. నన్ను చూసి కుంచె పక్కన పెట్టాడు.

"ఆ ఇసుక జల్లెడ పట్టింది మీరేనంట గదమ్మా?"

"ఏ ఇసుక?"

"ఇదేనమ్మా" అని గోడ చూపించాడు. "ముప్పై ఏళ్ళుగా తాపీ పట్టుకున్నా, ప్లాస్టింగుకి ఇంత మంచి ఇసుక నా చేతికి రాలేదు. ఒక్క గుల్ల లేదు, ఒక్క రాయి లేదు. రోబో ఇసుకతో అయితే ముందు గది పైపూత నేను చెయ్యనని చెప్పేశా మేడం గారికి. అప్పుడు కిందనుంచి ఇది ఎత్తించారు. ఓసారి చెయ్యేసి చూడండి."

మెచ్చుకుంటున్నాడు పాపం. నిజంగా మెచ్చుకుంటున్నాడు. నేను గోడ మీద చెయ్యి వేసి చూశా. ఎంత మెత్తగా ఉందో. ఇరవై రోజులు వంగి వంగి నడుం పడిపోయేలా నేను జల్లించి, కడిగి, ఆరబోసింది ఆ గోడ కోసమన్నమాట. సాదా ఇసుకై ఉంటే దాని జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. అంత శుభ్రం చేసిపెట్టిందాన్ని నేనే.

మెట్లు ఎలా దిగానో తెలీదు. అది ఆఫీసులో కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తోంది.

"పిల్లులు ఏ గోడ మీద ఉన్నాయే?" అన్నా.

కత్తెర ఆగింది. తలెత్తి నా వంక చూసింది. కళ్ళు దించుకుంటుందనుకున్నా, దించుకోలేదు.

"కార్తీకంలో గృహప్రవేశమే. మేస్త్రీ మొండికేశాడు. మున్నేట్లో నీళ్ళు తగ్గాలంటే ఇంకో రెండు నెలలు. పిల్లలు తొక్కుకునే ఇసుకేగా, తర్వాత నేనే ఇంకో లోడు తోలిద్దామనుకున్నా. ఇసుక ఇసుకే, పిల్లలకేం తెలుస్తుందే?"

"మరి పైన పాతది ఎందుకు పరిచావు?"

కత్తెర బల్ల మీద పెట్టి, కాగితం ముక్కలు ఒకచోటికి చేర్చింది. నేను తలుపు దగ్గర, అది కుర్చీలో. అవతలి గదిలో పిల్లలు నిద్రపోతున్నారు, ఫ్యాను తిరుగుతోంది. ఇసుక తీసుకోవడం అవసరం అనుకుందాం. మేస్త్రీ మాట విందనుకుందాం. పిల్లలకి తెలీదని అనుకుందనే అనుకుందాం. నాకు తెలుస్తుందని తెలుసు దానికి. నా కళ్ళు కప్పడానికి కొలిచి మరీ నాలుగు వేళ్ళ మందాన పరిచింది. ఒక్క మాట అడిగుంటే, నిజం చెప్తున్నా, తిట్టుకుంటూ నేనే ఎత్తించి ఇచ్చేదాన్ని. ఆ పాప కోసం ఒక టబ్బు నిండా మాత్రం అట్టే పెట్టుకునేదాన్ని.

"రేపు వాళ్ళింటికి వెళ్ళి నాయనమ్మకి జరిగింది చెప్తా" అన్నా.

"వెళ్ళకే. నేను ఆ రోజే మాట్లాడేశా."

"ఏం మాట్లాడావు?"

మళ్ళీ కత్తెర తీసుకుంది. "నువ్వు కాస్త గట్టిగా అదిమావని చెప్పా. అబద్ధం కాదుగా."

అబద్ధమైతే దాని నోరు మూయించేదాన్ని. వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా కడిగేసేదాన్ని, నాకా నోరుంది. నిజాన్ని ఏం చెయ్యను? ఈ అరచెయ్యే అదిమింది. సంచిలో నా గ్లాసూ, జల్లెడా వేసుకుని బస్టాండుకి నడిచా. అది పిలవలేదు. పిలిస్తే ఆగేదాన్నేమో కూడా.

ఆ తర్వాత బడికి వెళ్ళలేదు. నాయనమ్మ దగ్గరికీ వెళ్ళలేదు, అది ఇంకా పెద్ద తప్పు. జగ్గయ్యపేటలో కూర్చుని ఆవిడకి చెప్పాల్సిన మాటలు రోజుకోరకంగా కూర్చుకునేదాన్ని. అన్నింట్లోనూ తప్పంతా నా స్నేహితురాలిదే అయ్యేది, అన్నింట్లోనూ చివరికి పిల్ల నా మొహంలోకి చూసి చెయ్యి ఇంకొంచెం లోపలికి పెట్టేది. అక్కడికొచ్చేసరికి మాటలు ఆగిపోయేవి.

నీళ్ళు తగ్గాక చిన్నాన్న రెండు బస్తాల ఇసుక పంపాడు. డాబా మీద కూర్చుని జల్లించా, కడిగా, ఆరబోశా. ఈసారి ప్రతి గుప్పెడూ నా బుగ్గకి రాసుకుని చూశా. పిచ్చి ముదిరిందని అత్తగారు అనుకున్నా అనుకుని ఉంటారు, పైకేమీ అనలేదు. ఒక బకెట్టు నిండా పోసుకుని, ఇంకో చేతిలో ప్లాస్టిక్ బేసిన్ పట్టుకుని, ఆదివారం పొద్దున నందిగామ బస్సెక్కా.

కొట్టు పక్క సందులోంచి లోపలికి వెళితే వసారాలో నాయనమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "రండి టీచర్ గారూ, కూర్చోండి" అంది. అమ్మాయ్ అనలేదు. కుర్చీ కూడా వేసింది, నేను కింద కూర్చున్నా. పాప తలుపు పక్కన పీట మీద ఇడ్లీ తింటోంది. ఎడం చేత్తో. నన్ను చూడగానే రెండో చెయ్యి వీపు వెనక్కి పోయింది.

అంతా చెప్పా. ముందు ఇసుక సంగతి, గోడ సంగతి. తర్వాత, గుచ్చుకుంటోందని పిల్ల చెప్పినా వినకుండా నేను అదిమిన సంగతి. మళ్ళీ మళ్ళీ కూర్చుకున్న మాటలేవీ గుర్తురాలేదు, ఎలా జరిగిందో అలా చెప్పేశా. నాయనమ్మ ఒలిచిన కాయనే ఒలుస్తూ వింది.

"మీ స్నేహితురాలితో మీరు తేల్చుకోండి టీచర్ గారూ" అంది చివరికి. "మా పిల్ల సంగతి చెప్తా వినండి. చెయ్యి ఎవర్నీ పట్టుకోనివ్వడం లేదు. విప్పిన వేళ్ళు కూడా ముడిచేసుకుంది. వచ్చే నెల విజయవాడ రమ్మన్నాడు డాక్టరు. కోయడానికి."

బేసిన్ పిల్ల ముందు పెట్టి ఇసుక పోశా. చెంబుడు నీళ్ళు చల్లా. పెట్టమని మాత్రం అనలేదు. ఇంకెప్పుడూ ఏ పిల్లనీ అనను.

పిల్ల ఇడ్లీ మానేసి బేసిన్ వంక చూసింది. నా వంక చూసింది.

"నువ్వు పెట్టు" అంది.

రెండు చేతులూ పెట్టా.

"అడుక్కి."

అడుగు తగిలేదాకా పెట్టా, వేళ్ళతో మొత్తం కలిపి చూపించా. ఎడం చేత్తో అక్కడక్కడా పొడిచి చూసుకుంది, అంచుల వెంట కూడా. కింద ఇంకోటేమన్నా ఉందేమోనని గుప్పెడు తీసి వెలుతురులో పెట్టి చూసింది. నాలుగేళ్ళ పిల్లకి అలా చూసుకోవడం నేర్పింది నేనూ, నా స్నేహితురాలూ. తర్వాత లేచెళ్ళి నాయనమ్మ కొంగు పట్టుకుంది.

"నాయనమ్మా, నువ్వు రా."

"నేనా? నాకు రాదే తల్లీ, టీచర్ గారున్నారుగా."

"టీచర్ వద్దు. నువ్వు పట్టుకో."

చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి ఆవిడ లేచింది. గంజి గిన్నె నాటి నుంచి ఆ వేళ్ళని ముట్టుకోని మనిషి. చేతులు చీరకి తుడుచుకుంది. బేసిన్‌కి అటు వైపు చతికిలబడి కూర్చుంది. నేను లేచి జరిగా. పిల్ల వీపు వెనక నుంచి చెయ్యి తియ్యబోయి, ఆగి, నా వంక చూసింది.

"నువ్వు అటు తిరుగు" అంది.

తిరిగా. సందు చివర కొట్టు కనపడుతోంది, ఎవరో కందిపప్పు తూయించుకుంటున్నారు. నా వెనక ఇసుక చప్పుడైంది. "మెల్లిగా, మెల్లిగా" అంటోంది నాయనమ్మ. పిల్ల ఏడవలేదు. వేళ్ళు కదిలాయో లేదో నాకు తెలీదు. ఎవరూ పిలవలేదు, నేను వెనక్కి తిరగలేదు.